పాచి లోపలికి దిగని వెనిగర్: లీవెన్‌హుక్ తన నోట్లోనే చేసిన ప్రయోగం

1683 సెప్టెంబర్ 17న నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణం నుంచి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం బయల్దేరింది. రాసినాయన వైద్యుడు కాదు, విశ్వవిద్యాలయం గడప తొక్కినవాడూ కాదు. బట్టల వ్యాపారి. అప్పటికి ఆయనకు 51వ ఏడు నడుస్తోంది. ఆ ఉత్తరంలో ఆయన వివరించింది తన పళ్ల సందుల్లోని పాచి గురించి. అందులో ఏముందో, వెనిగర్‌తో పుక్కిలిస్తే దానికి ఏమైందో, ఏం కాలేదో రాశారు. బ్యాక్టీరియాను బొమ్మ గీసి చూపించిన తొలి రచనగా ఆ ఉత్తరం ప్రతి పాఠ్యపుస్తకంలోకీ ఎక్కింది. వెనిగర్ ముక్క మాత్రం దాదాపు మూడు వందల ఏళ్లు ఎవరి కంటా పడలేదు. మౌత్‌వాష్ సీసా కొనే ప్రతివారికీ పనికొచ్చేది ఆ ముక్కే.

ఆయన పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. 1632 అక్టోబర్ 24న డెల్ఫ్ట్‌లో పుట్టారు. తండ్రి బుట్టలు అల్లేవాడు, తల్లిది బీరు కాచే కుటుంబం. అయిదారేళ్ల వయసులోనే తండ్రి పోయారు. పదహారో ఏట ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక బట్టల వర్తకుడి దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. 1654లో సొంత ఊరికి తిరిగొచ్చి, బార్బరా డి మే అనే ఆమెను పెళ్లాడి, బట్టల కొట్టు పెట్టుకున్నారు. అయిదుగురు పిల్లల్లో మరియా ఒక్కతే బతికింది. 1666లో భార్య చనిపోయింది. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నారు. మునిసిపల్ కచేరీలో చిన్న ఉద్యోగం, భూమి సర్వే లైసెన్సు, మద్యం పీపాల కొలతలు సరిచూసే పని... ఊళ్లో పదిమందీ ఎరిగిన, జీతభత్యాలకు లోటు లేని మనిషి. అదే ఊళ్లో, అదే నెలలో పుట్టిన చిత్రకారుడు వెర్మీర్ అప్పులతో చనిపోతే, ఆయన ఆస్తి లెక్కలు చూసే బాధ్యతను 1676లో లీవెన్‌హుక్‌కే అప్పగించారు.

డెల్ఫ్ట్ మనకు మరీ దూరపు ఊరేమీ కాదు. డచ్ ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో ఒకటి అక్కడ ఉండేది. అదే కంపెనీ మచిలీపట్నంలో 17వ శతాబ్దం తొలి పదేళ్లలోనే వర్తక స్థావరం పెట్టి, కోరమాండల్ తీరం నుంచి నూలు బట్టలు ఓడలకెత్తించింది. లీవెన్‌హుక్ కొట్లో మన నేత అమ్ముడుపోయిందో లేదో చెప్పే ఆధారం నా దగ్గర లేదు. కానీ బట్టల వ్యాపారులు నేత నాణ్యత చూడటానికి, పోగులు లెక్కపెట్టడానికి భూతద్దం వాడేవారు. ఆయన చేతికి అద్దం అలవాటైంది ఆ వృత్తిలోనే అన్నది చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం.

అప్పట్లో రెండు మూడు అద్దాలు బిగించిన పెద్ద మైక్రోస్కోపులు ఉండేవి. లండన్‌లో రాబర్ట్ హుక్ 1665లో అచ్చు వేసిన మైక్రోగ్రాఫియా అనే పుస్తకం అలాంటి పరికరంతో చూసిన బొమ్మలతోనే సంచలనం సృష్టించింది. లీవెన్‌హుక్ దారి వేరు. ఆవగింజంత ఒకే ఒక్క అద్దాన్ని రెండు చిన్న లోహపు రేకుల మధ్య బిగించి, వెనక ఒక సూదిమొనపై నమూనా పెట్టి, మరలతో జరుపుతూ, కంటికి ఆనించి వెలుతురులో చూడటం. చూడటానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. కానీ యూట్రెక్ట్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో మిగిలిన ఆయన మైక్రోస్కోపు వస్తువును దాదాపు 270 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఆ కాలపు ఖరీదైన యంత్రాలేవీ దాని దరిదాపుల్లోకి రాలేదు. ఇలాంటి అద్దాలు ఆయన అయిదు వందల దాకా చేశారు. ఎలా చేశారో ఎవరికీ చెప్పలేదు.

1673లో డెల్ఫ్ట్ వైద్యుడు రైనియర్ డి గ్రాఫ్ ఆయన్ను రాయల్ సొసైటీకి పరిచయం చేశారు. అప్పటి నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. అన్నీ డచ్‌లోనే. పండితుల భాష అయిన లాటిన్ ఆయనకు రాదు, నేర్చుకునే ప్రయత్నమూ చేయలేదు. లండన్‌లో ఎవరో ఒకరు అనువదించి అచ్చు వేసుకోవాల్సిందే. ఉన్నత విద్య మాతృభాషలో సాధ్యమా అని మనం ఇప్పటికీ వాదించుకుంటున్నాం కాబట్టి, సూక్ష్మజీవశాస్త్రం ఒక దుకాణదారుడి ఇంటి భాషలో మొదలైందన్న సంగతి ఒకసారి గుర్తు చేసుకోవచ్చు.

మొదట ఆయనకు అపఖ్యాతి తెచ్చిపెట్టింది మిరియాలు. మిరియం ఎందుకు ఘాటుగా ఉంటుందన్నది ఆయన ప్రశ్న. నాలుకకు గుచ్చుకునే ముళ్లేమైనా ఉన్నాయేమోనని మిరియాలను నీళ్లలో నానబెట్టి, మూడు వారాల తర్వాత 1676 ఏప్రిల్‌లో అద్దంలో చూశారు. ముళ్లు లేవు. కదిలే ప్రాణులున్నాయి. అక్టోబర్‌లో ఈ సంగతి రాస్తే లండన్ పండితులు నమ్మలేదు. అంత చిన్న నీటిచుక్కలో అన్ని వేల జీవులా? ఆయన మతాచార్యులు, నోటరీ లాంటి ఊరి పెద్దలు ఎనిమిది మందిని పిలిచి చూపించి, సాక్ష్యపత్రాలు రాయించి పంపారు. చివరికి 1677 నవంబర్‌లో హుక్ స్వయంగా మిరియాల నీళ్లు తయారుచేసి, ఆ జీవుల్ని సొసైటీ సభ్యులకు చూపించారు. 1680లో లీవెన్‌హుక్‌ను సభ్యుడిగా ఎన్నుకున్నారు. ఆయన మాత్రం ఒక్క సమావేశానికీ వెళ్లలేదు.

నోట్లో ప్రయోగం

ఇక పళ్ల సంగతి. లీవెన్‌హుక్‌కు తన పళ్ల మీద కాస్త గర్వం ఉండేది. రోజూ పొద్దున ఉప్పుతో తోముకుని నీళ్లతో పుక్కిలించేవారు. భోజనం తర్వాత దవడ పళ్లను పుల్లతో కుట్టుకుని, బట్టతో గట్టిగా రుద్దేవారు. ఆ వయసులో అంత శుభ్రమైన పళ్లు అరుదని ఆయన ధీమా. అయినా అద్దంలో చూసుకుంటే పళ్ల సందుల్లో పిండిలాంటి తెల్లటి పదార్థం కనిపించింది. మనం పాచి అనేది దాన్నే. దాన్ని గీకి, ప్రాణులేవీ లేవని ముందే చూసి పెట్టుకున్న వాననీటిలో కలిపారు. మరోసారి తన ఉమ్మిలోనే కలిపారు. అద్దం కింద పెడితే లోకం కదిలింది. ఒక రకం వేటచేపలా నీటిని చీల్చుకుని దూసుకెళ్తోంది. ఒకటి బొంగరంలా తిరుగుతోంది. మరొకటి మరీ చిన్నది, ముసురుకున్న దోమల్లా గుంపుగా ఉంది. నాలుగైదు రకాలు గుర్తించి బొమ్మలు గీయించారు. నెదర్లాండ్స్‌లో ఉన్న జనం కంటే తన నోట్లో ఉన్న ప్రాణులే ఎక్కువని లెక్కవేశారు.

ఇక్కడితో ఆగినా చరిత్రలో నిలిచేవారే. ఆయన ఆగలేదు. మిగతావారి నోళ్లలో ఏముందో చూడాలనిపించింది. ఇద్దరు స్త్రీలు, ఎనిమిదేళ్ల కుర్రాడు, జన్మలో ఎన్నడూ పళ్లు తోముకోని ముసలాయన. పళ్లు తోముకోని ఆయన పాచిలో జీవులు అంతులేనన్ని. మరో ముసలాయన ఉన్నాడు. ఆయనది ఇంకా విచిత్రమైన కేసు. పొద్దున్నే బ్రాందీ, మధ్యాహ్నం వైను, పొగాకు. నోరు నీళ్లతో కడిగిన పాపాన పోలేదు, మద్యంతో మాత్రం రోజూ పుక్కిలింతే. ఇంత సారాయిలో ఆ ప్రాణులు బతకగలవా అని లీవెన్‌హుక్‌కు అనుమానం. ముందు పళ్ల పైపైన ఉన్న పాచిలో నిజంగానే జీవులు చాలా తక్కువగా కనిపించాయి. పళ్ల మధ్య నుంచి లాగిన పాచిలో మాత్రం అంతకంటే చాలా ఎక్కువ.

ఆల్కహాలుతో పుక్కిలిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు అది తొలి జవాబు. ప్రయోగం అనలేం, ఆ మనిషి అలవాటును ఆయన గమనించారంతే. వెనిగర్ విషయంలో మాత్రం ఆయన చేసింది పక్కా ప్రయోగం. బాగా ఘాటైన ద్రాక్షసారా వెనిగర్‌ను నోట్లో పోసుకుని, పళ్లు బిగించి, గట్టిగా పుక్కిలించారు. తర్వాత మంచినీళ్లతో కడిగారు. అప్పుడు పాచి తీసి చూశారు. జీవులు లెక్కలేనన్ని బతికే ఉన్నాయి, ముఖ్యంగా పళ్ల సందుల్లోని పాచిలో. దూసుకెళ్లే మొదటి రకం మాత్రం బాగా తగ్గింది. సరే, వెనిగర్‌కు వాటిని చంపే శక్తి లేదేమో? ఆ అనుమానం తీర్చుకోవడానికి, నీళ్లలో విడగొట్టిన పాచిలో చిటికెడు వెనిగర్ కలిపారు. కలిపీ కలపగానే అన్నీ చచ్చాయి.

ఈ రెండో అడుగులోనే ఆయన గొప్పతనం ఉందని నా అభిప్రాయం. మందు పనిచేయలేదు అని తేల్చి ఊరుకునేవాళ్లు చాలామంది ఉంటారు. మందు పనిచేస్తుంది, కానీ చేరాల్సిన చోటికి చేరడం లేదు అని తేల్చడానికి ఇంకో పరీక్ష కావాలి. వెనిగర్ పాచి పైపొరలో ఉన్నవాటిని మాత్రమే చంపిందని, పాచి మందం దాటి లోపలికి దిగలేదని ఆయన నిర్ధారణకు వచ్చారు. ఉత్తరం 1684లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

మరచిపోయిన సగం

ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లు దాని మీద ఎవరూ ఏమీ కట్టలేదు. సూక్ష్మజీవులకూ రోగాలకూ సంబంధం ఉందన్న ఆలోచన అప్పటికి బలపడలేదు. లీవెన్‌హుక్ కూడా తన ప్రాణుల మీద పిప్పిపళ్ల నేరం మోపలేదు. 19వ శతాబ్దంలో పాశ్చర్, కోహ్ వచ్చాక పరిస్థితి మారింది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలోబీ మిల్లర్ 1890లో నోటి సూక్ష్మజీవుల మీద పెద్ద గ్రంథమే వేశారు. మనం తిన్న పిండిపదార్థాలనూ తీపినీ ఇవి ఆమ్లంగా మారుస్తాయని, ఆ ఆమ్లమే పన్నును తొలుస్తుందని వివరించారు. జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో శస్త్రచికిత్స గాయాలను కాపాడిన కాలం కూడా అదే. ఆయన పేరు కలిసొచ్చేలా 1879లో అమెరికాలో తయారైన లిస్టరీన్ ఆ తర్వాత మౌత్‌వాష్‌గా ఇంటింటికీ చేరింది.

అయితే కొత్త శాస్త్రంలో ఒక ఇబ్బంది ఉంది. కోహ్ పద్ధతిలో ఒక్కో బ్యాక్టీరియాను విడదీసి, శుద్ధంగా పెంచి పరీక్షిస్తారు. రోగకారకాలను పట్టుకోవడానికి అంతకు మించిన పద్ధతి లేదు. కానీ గాజు గొట్టంలో విడివిడిగా తేలే బ్యాక్టీరియా మీద మందు పోస్తే ఏమవుతుంది? డెల్ఫ్ట్‌లో నీళ్లలో విడగొట్టిన పాచికి వెనిగర్ కలిపినప్పుడు అయిందే అవుతుంది. అన్నీ చస్తాయి. యాంటీసెప్టిక్‌ల బలాన్ని తరాల తరబడి కొలిచింది ప్రధానంగా ఈ దారిలోనే. లీవెన్‌హుక్ ప్రయోగంలో రెండో సగం ఒక్కటే పదే పదే జరిగి, మొదటి సగం మరుగున పడిందన్నమాట.

ఆ మొదటి సగం తిరిగి వెలుగులోకి వచ్చింది 1970ల తర్వాతే. బిల్ కాస్టర్టన్, ఆయన సహచరులు 1978లో బ్యాక్టీరియా ప్రకృతిలో ఎక్కువగా బతికేది ఒంటరిగా కాదని, ఏదో ఒక ఉపరితలానికి అంటుకుని, తాము స్రవించిన జిగురులో గుంపుగా బతుకుతాయని వాదించారు. ఆ గుంపునే ఇప్పుడు బయోఫిల్మ్ అంటున్నారు. చెరువు రాయి మీద నాచు, నీళ్ల ట్యాంకు గోడ మీద జారుడు, పంటి మీద పాచి, అన్నీ ఆ కోవలోవే. తెలుగులో నీళ్ల మీద పట్టేదాన్నీ పంటి మీద పట్టేదాన్నీ ఒకే మాటతో పాచి అంటాం. శాస్త్రం ఆలస్యంగా చూసిన పోలికను భాష ముందే చూసింది.

పాచి ఎలా కడుతుందో ఇప్పుడు బాగా తెలుసు. పళ్లు తోమిన కొద్ది నిమిషాల్లోనే ఉమ్మిలోని ప్రోటీన్లు పన్ను మీద పలుచటి పొరగా పరుచుకుంటాయి. కొన్ని గంటల్లో స్ట్రెప్టోకాకస్ జాతులు దానికి అతుక్కుంటాయి. వాటి మీద మరికొన్ని. మనుషుల నోళ్లలో కనిపించే బ్యాక్టీరియా రకాలు ఏడు వందలకు పైగా ఉన్నాయి. పంచదార దొరికితే వీటిలో కొన్ని, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్, దాన్ని బంకగా మార్చి ఇల్లు కట్టుకుంటాయి. అలాగే వదిలేస్తే ఉమ్మిలోని కాల్షియం చేరి అది గట్టిపడుతుంది. దాన్నే గార పట్టింది అంటాం. గార పట్టాక ఇంట్లో చేయగలిగిందేమీ లేదు, డాక్టరు గీకాల్సిందే.

ఇలాంటి కట్టడం మీద మౌత్‌వాష్ ముప్పై సెకన్లో, నిమిషమో ఉంటుంది. ఆ తర్వాత ఉమ్మేస్తాం, మిగిలిందాన్ని లాలాజలం పలుచన చేస్తుంది. నేడు అత్యంత బలమైనదిగా పేరున్న క్లోర్‌హెక్సిడిన్‌నే తీసుకుంటే, దాని అణువులకు ధనావేశం ఉంటుంది. పాచి జిగురుకూ, పైనున్న బ్యాక్టీరియాకూ ఋణావేశం. మందు పైపొరకే అతుక్కుని అక్కడే ఖర్చైపోతుంది. లోపలి బ్యాక్టీరియాకు ఆహారం తక్కువ, పెరుగుదల నెమ్మది. ఇలా మందకొడిగా బతికేవాటి మీద మందులు అంతగా పనిచేయవు. బతికినవాటికి ఆకుపచ్చ రంగు, చచ్చినవాటికి ఎరుపు రంగు వేసి కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులో చూస్తే, మందు తగిలిన పాచిలో ఎరుపు ఎక్కువగా పైపొరలోనే కనబడింది. పాచి ఎన్ని రోజుల పాతదైతే అంత మొండిది. ద్రాక్షసారా వెనిగర్‌తో 1683లో తేలింది కూడా ఇదే.

మరి మౌత్‌వాష్ దండగా? కాదు. డెన్మార్క్‌లో హెరాల్డ్ లో, షాట్ 1970లో ప్రచురించిన ప్రయోగం దీనికి సాక్ష్యం. పళ్లు తోముకోవడం మానేసిన యువకులు రోజుకు రెండుసార్లు 10 మిల్లీలీటర్ల 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలిస్తే పాచి కట్టలేదు, చిగుళ్లు వాయలేదు. ఆ ఫలితాన్ని ప్రస్తావించేవారు ఒక సంగతి తరచుగా వదిలేస్తారు: వాళ్ల పళ్లను ముందే శుభ్రం చేసి ఉంచారు. శుభ్రంగా ఉన్న పంటి మీద కొత్త పాచి కట్టకుండా ఆపడం వేరు, కట్టిన పాచిని చంపడం వేరు. అందుకే చిగుళ్ల శస్త్రచికిత్స తర్వాత బ్రష్ పెట్టలేని రోజుల్లో దంతవైద్యులు దీన్ని రాస్తారు. నెలల తరబడి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి మారుతుంది. టూత్‌పేస్టులో నురగ తెప్పించే రసాయనం దీని బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి రెండింటి మధ్య అరగంటైనా విరామం ఉండాలి. ఈ చివరి ముక్క సీసా మీద ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో చూడాలంటే లీవెన్‌హుక్ అద్దం కావాలేమో.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శివారు కోని నుంచి. అర్పా నది ఒడ్డు, గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం ఉన్న చోటు. రైల్వే ఉద్యోగాలతో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్‌లో చాలా ఉన్నాయి. మూడు తరాల నోటి శుభ్రం ఇక్కడ పక్కపక్కనే అమ్ముడవుతుంది: వేప, తుమ్మ పందుంపుల్లల కట్టలు, వాటిని ఇక్కడ దాతున్ అంటారు, మందుల షాపులో రంగురంగుల మౌత్‌వాష్, కిరాణా కొట్లో గుడాఖు. గుడాఖు అంటే పొగాకు, బెల్లం మడ్డి కలిపిన ముద్ద. పళ్లు తోమడం పేరుతో మొదలై, నికోటిన్‌కు అలవాటుపడి రోజుకు నాలుగైదుసార్లు రుద్దుకునేవాళ్లున్నారు. దాన్ని దంతశుభ్రత అనడం అన్యాయం. పందుంపుల్ల సంగతి వేరు. వేపరసానికి బ్యాక్టీరియాను చంపే గుణం ఉందని గొప్పగా చెప్పుకుంటాం. ప్రయోగశాలలో ఉందనుకున్నా, ఆ రసానికీ వెనిగర్ సమస్యే ఎదురవుతుంది. పుల్ల అసలు మేలు దాన్ని నమిలి కుంచెలా చేసి గీకడంలో ఉంది. పొర చెదిరితేనే మందుకైనా, రసానికైనా దారి.

ముసలితనంలో లీవెన్‌హుక్ ఈ విషయానికి మళ్లీ వచ్చారు. 1692 నాటికి ఆయనకు అరవై ఏళ్లు. ఒకరోజు తన ముందు పళ్ల పాచిలో ప్రాణులు కనిపించలేదు. కారణం వెతికితే కాఫీ తట్టింది. యూరప్‌లో కాఫీ అప్పుడే వ్యాపిస్తోంది, ఆయన చెమట పట్టేంత వేడిగా తాగేవారు. ఆ వేడికే చచ్చి ఉంటాయని ఊహించారు. కానీ ఊహతో ఊరుకోకుండా, కాఫీ వేడి అంతగా తగలని దవడ పళ్ల వెనక నుంచి పాచి తీసి చూశారు. అక్కడ బతికే ఉన్నాయి. వెనిగర్, సారాయి, కాఫీ: పదేళ్ల తేడాలో మూడు వేర్వేరు ద్రవాలు ఒకే జవాబు ఇచ్చాయి.

1700లో ఇంకో వింత. పుచ్చుపన్నుకు పొగ పట్టి బయటికి రాబట్టిన పురుగులంటూ ఇంగ్లండ్ నుంచి కొన్ని ఆయనకు చేరాయి. పంటి పురుగు మీద నమ్మకం అక్కడా అంత గట్టిగానే ఉండేది. పరిశీలించి చూసి, ఇవి జున్నులో పుట్టే పురుగులేనని ఆయన తేల్చారు. పంటి పురుగు తీస్తామనేవాళ్లు మన సంతల్లో ఇప్పటికీ కనిపిస్తారు. మూడు వందల ఏళ్ల కిందట ఆ కేసు కొట్టేసిన సంగతి వాళ్లదాకా చేరినట్టు లేదు.

1698లో రష్యా చక్రవర్తి పీటర్ డెల్ఫ్ట్ వచ్చి ఆయన పరికరాలు చూసి వెళ్లారు. సందర్శకులు పెరిగేకొద్దీ ఆయన విసుగూ పెరిగింది. మంచి మైక్రోస్కోపులను మాత్రం ఎవరికీ చూపించేవారు కాదు. శిష్యుల్ని తయారుచేయలేదు, పద్ధతి రాయలేదు. ఆయన తర్వాత ఆ పని అక్కడే ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం. నోటి జీవుల సంగతి మరుగున పడ్డందుకు నింద అంతా తర్వాతి శతాబ్దాల మీద వేయడం కుదరదు. కొంత ఆయన గుప్తతకూ చెందుతుంది.

చివరి రోజుల్లో తన ఉదరవితానం అదుపు తప్పి కొట్టుకోవడాన్ని కూడా గమనించి రాయించారు. ఆ అరుదైన జబ్బుకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. 1723 ఆగస్టు 26న, తొంభై ఏళ్లు దాటాక, డెల్ఫ్ట్‌లోనే కన్నుమూశారు. కూతురు మరియా తండ్రి కోరిక ప్రకారం 26 వెండి మైక్రోస్కోపులున్న పెట్టెను రాయల్ సొసైటీకి పంపింది. 19వ శతాబ్దంలో అవి కనిపించకుండా పోయాయి. మిగిలినవాటిని మరియా మరణం తర్వాత 1747లో వేలం వేశారు. ఇప్పుడు ఆయనవని గుర్తించినవి పదీ పన్నెండుకు మించవు. యూట్రెక్ట్‌లోని దాన్ని విప్పకుండానే న్యూట్రాన్ కిరణాలతో లోపలికి చూసిన పరిశోధకులు 2021లో ఫలితం ప్రకటించారు. ఆ అద్దం అరగదీసింది కాదు, సన్నటి గాజు పోగును మంటలో కరిగించి చేసిన పూస. ఆ కిటుకును ఆయన బతికుండగానే అచ్చులో అందరికీ చెప్పేసినవారు ఒకరున్నారు. మిరియాల నీళ్ల విషయంలో ఆయన మాట నిజమని చూపించిన రాబర్ట్ హుక్.